బస్సు మెట్టు దగ్గర పెద్దాయన

ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సుగా నా మొదటి డ్యూటీకి బయల్దేరిన రోజది. తిరువూరు బస్టాండులో విస్సన్నపేట బస్సు ఎక్కబోతుంటే, నా ముందున్న పెద్దాయన ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి మెట్టు దగ్గర ఆగారు. పక్షవాతమని చూడగానే తెలిసింది. నేర్చుకున్నదంతా గుర్తొచ్చి, వెనకనుంచి చంకల్లో చేతులు వేసి లేపబోయాను. ఆయన ఉలిక్కిపడి కమ్మీ పట్టుకున్నారు.

“నేను నర్సునండి,” అన్నాను.

“అయితే ఏంటమ్మా? నేనేమన్నా బియ్యం బస్తానా? లేపేముందు అడగొద్దూ?”

సిగ్గుతో వెనక్కి జరిగాను. కాసేపటికి ఆయనే కమ్మీ వదిలి, బాగున్న చెయ్యి నావైపు చాపారు.

“ఇప్పుడు పట్టుకో.”

ఆ తర్వాత ఎన్నో మంచాల పక్కన నిలబడ్డాను. ముందు నా చెయ్యి చాపి ఆగుతాను. కొందరి చెయ్యి రావడానికి చాలాసేపు పడుతుంది.