కాన్పుల ఆసుపత్రి గడప బయట

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పోయినవాళ్ళ గురించి రాస్తే వాళ్ళు చదవరు, చదివేవాళ్ళు వాళ్ళను ఎరగరు. కానీ మా కాన్పుల ఆసుపత్రి నర్సమ్మగారు పోయి పన్నెండు రోజులైంది. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాసినవాళ్ళు లేరు. ఊళ్ళో రాయడం వచ్చి, పనిలేకుండా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

నూజివీడు నుంచి ఆగిరిపల్లి వెళ్ళే దారిలో, మా ఊరి చివర, మామిడితోటల మధ్య ఉంటుంది ఆ ఆసుపత్రి. పూర్వం కలరా, మశూచి వచ్చినవాళ్ళను తెచ్చి అందులో ఉంచేవారు. బోర్డు మీద ‘అంటురోగాల ఆసుపత్రి’ అని ఉండేది. మావాళ్ళు ఆ పేరు నోటితో పలికేవారు కాదు. ‘అక్కడికి తీసుకెళ్ళారు’ అనేవారు. అంటే ఇక ఏడవడం మొదలుపెట్టవచ్చునన్నమాట.

స్వరాజ్యం వచ్చిన ఏడు పైవాళ్ళు ఆ రోగులను బెజవాడ పంపే ఏర్పాటు చేసి, దీన్ని కాన్పులకు ఇచ్చారు. నర్సమ్మగారు వచ్చారు. గోడలకు సున్నం, నేలకు ఫినాయిలు, కొత్త మంచాలు, ఉయ్యాలలు, అన్నీ వచ్చాయి. బోర్డు మాత్రం పాతదే. ఒక్క గర్భిణి కూడా గుమ్మం తొక్కలేదు. పేరు మార్చమని అర్జీ రాసిపెట్టమంటూ ఆవిడ మా అరుగు దగ్గరకు వచ్చారు.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. మామిడి బుట్టలకు కట్టే చీటీలు రాసే గుమాస్తా పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నాను. అందుకే నాకు అ ఆల కంటే ముందు బంగినపల్లి రాయడం వచ్చింది. ఆ గుమాస్తా ‘ళ’ రాస్తే పామును చూసినట్టుండేది, సరే, ఆయన సంగతి మరోసారి. ఇదంతా ఎందుకంటే, ఆ కాస్త చదువు మిడిసిపాటుతోనే ఆవిడతో ఎకసెక్కం ఆడాను. పుల్లకాయ బుట్టకు రసాలని చీటీ కడితే కాయ మారుతుందాండీ అన్నాను.

“కాయ మారదండీ. కొనేవాడి చెయ్యి ముందుకొస్తుంది. అయినా నా దగ్గరున్నది రసాలే, చీటీయే పుల్లకాయది” అన్నారావిడ.

రాస్తానన్నాను. నాలుగు వాక్యాల పని. నేను దాన్ని ‘మహారాజశ్రీ’తో ఎత్తుకుని, పురాణాల మీదుగా ధన్వంతరి దాకా నడిపించి అక్కడ కూలబడ్డాను. రోజూ పొద్దున్నే ఆవిడ గొడుగు మా అరుగు ముందు ఆగేది. అయిందాండీ అనేవారు. ధన్వంతరి దాకా వచ్చిందండీ అనేవాణ్ణి.

“ఆయనకు ఈ బోర్డుతో పని లేదండీ. నాకే ఉంది” అనేసి, చీర చెంగున కట్టుకున్న ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క ఒకటి నోట్లో వేసుకుని వెళ్ళిపోయేవారు. ఆ ముక్కలే ఆవిడ ఫలహారం. ఇరవై రోజులు ఇలాగే గడిపాను.

ఆ రోజుల్లోనే, తోటల్లో కాయలు దించే ఒకతని భార్యకు నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదు. నర్సమ్మగారు వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి బతిమాలారు. అత్తగారు అడ్డం నిలబడింది. “కడుపుతో ఉన్నదాన్ని తీసుకుపోయి ఆ రోగాల కొట్టంలో పడుకోబెడతానా? మీకు పిల్లలున్నారా అమ్మా?” అని అడిగిందట. లేరు. మూడోనాడు బండి కట్టారుగానీ, ఆ బోర్డు కిందికొచ్చేసరికి లోపలికి వెళ్ళేది లేదని మొండికేశారు. నర్సమ్మగారే బండెక్కి, అందులోనే పురుడు పోశారు. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు.

ఆ సాయంత్రం ఆవిడ మా అరుగు మీద కూర్చున్నారు. కూర్చోవడం అదే మొదలు. కాగితం తీసుకోండి, నేను చెబుతాను అన్నారు. ఇకనుంచి దీన్ని కాన్పుల ఆసుపత్రి అనాలి అని రాశాను. అంటురోగం ఉన్నవారెవరినీ ఈ గడప లోపలికి రానివ్వం అని ఇంకొక వాక్యం రాయించారు. పేరుకు ఇదెందుకండీ అన్నాను.

“అది లేకపోతే పేరు అబద్ధమవుతుందండీ” అన్నారు.

ఆ పసిదాన్ని చంకనేసుకుని వాళ్ళ నాయనమ్మ మా వీధిన వస్తే, నేను ఇప్పటికీ లోపలికెళ్ళి ఏదో వెతుకుతుంటాను.

పేరు మారింది. మొదట చాట్రాయి నుంచి ఒకామె వచ్చింది, తరవాత వాళ్ళ చుట్టాలు. ఏడాది తిరక్కుండా ఆ అత్తగారే తన కూతుర్ని పురిటికి తీసుకొచ్చింది. నర్సమ్మగారు ఆ కూతురి మంచం కిటికీ పక్కన వేయించారు. గేటు దగ్గర చుట్టలు కాల్చే అల్లుళ్ళను మాత్రం గొడుగుతో తోలేవారు. “కాన్పు దగ్గర తొందర పనికిరాదు, బద్ధకం అసలు పనికిరాదు” అని ఎవరికో చెబుతూ నావైపు చూసేవారు. చూడవలసిందే.

ఈ వేసవిలో కూలీల గుడిసెల్లో మశూచి పుట్టింది. ఆవిడ ఇంటింటికీ తిరిగి టీకాలు వేయించారు. తన టీకా ఏనాటిదో మరిచిపోయారు. జ్వరం వచ్చి, ఒంటిమీద పొక్కులు తేలగానే, ఆసుపత్రి వరండా దిగి రోడ్డు దాటి, ఎదుటి తోటలో కాపలావాడి గుడిసెలో పడుకున్నారు. బెజవాడ తీసుకెళ్ళడానికి బస్సువాళ్ళు ఎక్కించుకోలేదు, బండివాళ్ళు రాలేదు. వారానికోసారి నూజివీడు నుంచి వచ్చే డాక్టరుగారు, ఆసుపత్రి వెనకగది ఖాళీగా ఉంది, ఎవరికీ తెలియదు, రమ్మన్నారు.

“లోపల ముగ్గురు బాలింతలున్నారు బాబూ” అన్నారావిడ.

నాకు చిన్నతనంలోనే మశూచి వచ్చిపోయింది. మొహం చూస్తే తెలుస్తుంది. అందుకని గంజి పట్టుకెళ్ళే పని నాకు దక్కింది. నేనే అర్జీ రాశాను, ఆ రెండో వాక్యం నేనే కొట్టేయిస్తానన్నాను. ఆవిడ నవ్వబోయారు, పెదవులు సాగలేదు.

“మళ్ళీ ఇరవై రోజులు పడుతుంది మీకు” అన్నారు.

గుడిసెలో పడుకున్న ఆరోనాడు మధ్యాహ్నం పోయారు. రోడ్డుకు అవతల, ఆసుపత్రి కిటికీల దగ్గర బాలింతలు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు. దగ్గరకు రావడానికి లేదు.

మర్నాడు శానిటరీవాళ్ళు వచ్చి గుడిసెను తగలబెట్టారు. కాయలు దిగే రోజులు. నాలుగోనాటికి కాపలావాడు కొత్త తాటాకు తెచ్చి, పక్కనే ఇంకో గుడిసె వేసుకున్నాడు.