గాలి పీల్చిన మోటారు

మా ఆయన ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ బస్సు నడిపారు. అన్నేళ్ళలో నేను ఆయన బస్సు ఎక్కింది నాలుగైదుసార్లే. ఎక్కినా వెనక ఎక్కడో కూర్చుని ఆయన వీపు చూడటమే. రిటైరయిన ఏడాది ఆయన ఒక పాత మినీ బస్సు కొన్నారు. బడి పిల్లల్ని తిప్పి తిప్పి అలిసిపోయిన బండి అది. తెనాలిలో ఒక షెడ్డులో పెట్టించి, సీట్లన్నీ పీకించి, దాన్ని ఇల్లుగా మార్పించారు. ఒక మంచం, పొయ్యిగట్టు, బట్టలకు రెండు అరలు, చేతులు కడుక్కోవడానికి సింకు. చుట్టాలు నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను.

నా మనసు మార్చింది ఆ సింకు మీది కుళాయి. బండి అడుగున నీళ్ళ ట్యాంకు బిగించారు. సింకు కింద అరలో అరచేతి పొడవు మోటారు ఉంటుంది. అది బ్యాటరీ మీద నడుస్తుంది. కుళాయి తిప్పగానే దానంతట అదే మొదలై పైకి నీళ్ళు తోడుతుంది, కట్టేస్తే ఆగిపోతుంది. పుట్టింట్లో కాలవ నుంచి బిందెలు మోసినదాన్ని, అత్తింట్లో బోరింగు కొట్టినదాన్ని. రోడ్డు మీద పోతున్న బండిలో కుళాయి తిప్పితే నీళ్ళు రావడం నాకు ముచ్చటగా ఉండేది. అవసరం లేకపోయినా తిప్పి చూసుకునేదాన్ని.

ఆ చలికాలం మా మొదటి పెద్ద ప్రయాణం పెట్టుకున్నాం. తెనాలి నుంచి వేమూరు మీదుగా రేపల్లె వెళ్ళి, మా చెల్లెలింట్లో ఒక రాత్రి ఉండి, అక్కడ ట్యాంకు నిండా నీళ్ళు పట్టించుకుని బాపట్ల వైపు బయల్దేరాం. దారిలో టీ పెడదామని కుళాయి తిప్పితే నీళ్ళు తుంపులు తుంపులుగా వచ్చాయి. మధ్యమధ్యలో దగ్గినట్టు చప్పుడు. కొత్త కదా, కుదురుకుంటుందిలే అన్నారు మా ఆయన.

సూర్యలంక చేరేసరికి సాయంత్రమైంది. సరుగుడు చెట్ల పక్కన బండి ఆపుకుని, చెల్లెలు కట్టిచ్చిన పులిహోర తిని పడుకున్నాం. తెల్లారి లేచి, సముద్రం కనిపించేలా తలుపు తెరుచుకుని, ముఖానికి సబ్బు రాసుకున్నాను. కళ్ళు మూసుకుని కుళాయి తిప్పాను. మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నీళ్ళు మాత్రం రావడం లేదు. అలాగే నిలబడి ఆయన్ని పిలిచాను. ఆయన తాగే నీళ్ళ సీసా తెచ్చి నా దోసిట్లో పోశారు. కళ్ళు మండుతున్నా నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. ఆయన చేయించుకున్న బండి మరి.

సింకు కింద అర తలుపు తీసి, టార్చి పట్టుకుని ఆయన నేల మీద పడుకున్నారు. ఫ్యూజు చూశారు, బాగుంది. బ్యాటరీ తీగలు విప్పి, గీకి, మళ్ళీ బిగించారు. ట్యాంకు మూత తీసి పుల్ల పెట్టి చూస్తే పైదాకా నీళ్ళున్నాయి. బండి అడుగున దూరి చూస్తే ఎక్కడా చుక్క కారడం లేదు. తెనాలి షెడ్డాయనకు ఫోన్ చేస్తే, మోటారు పోయి ఉంటుంది, కొత్తది వేసుకోవాల్సిందే అన్నాడు. సరేనని బండి తీసి బాపట్ల వెళ్ళాం. రెండు మోటార్ల కొట్లు తిరిగాం. పొలానికి కావాలన్నా ఇంటికి కావాలన్నా ఇస్తామన్నారు గానీ, ఇంత చిన్నది వాళ్ళెప్పుడూ చూడలేదట. తెప్పించాలంటే నాలుగు రోజులు పడుతుందన్నారు.

మళ్ళీ సూర్యలంక వచ్చాక ఆయన బండి ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"ఇంటికి పోదాంలే. నీళ్ళు లేకుండా ఇక్కడేం ఉంటాం," అన్నారు.

నాకు వెళ్ళబుద్ధి కాలేదు. ఆయన ముఖం చూస్తే అలా ఓడిపోయినట్టు తీసుకెళ్ళడం అసలు ఇష్టం లేకపోయింది. ఇంకొక్కసారి మోటారు వేయమన్నాను. ఆయన విసుక్కుంటూనే కుళాయి తిప్పారు. నేను అర దగ్గర చతికిలబడి విన్నాను. పొద్దున కంగారులో పట్టించుకోలేదు గానీ, ఆ చప్పుడు నాకు తెలుసు. బరువు లేని చప్పుడు. నీళ్ళు తోడే మోటారుకు గొంతు బరువుగా ఉంటుంది. ఇది ఉత్తినే గిరగిరా తిరుగుతోంది.

మా నాన్నకు వేమూరు దగ్గర కాలవ గట్టున ఆయిలింజను ఉండేది. పొద్దున్నే దాంతో పొలానికి నీళ్ళు పెట్టేవాడు. కొన్నిసార్లు ఇంజను తిరిగేది, నీళ్ళు పడేవి కావు. అప్పుడు నాన్న ఇంజను జోలికి పోయేవాడు కాదు. కాలవలో నుంచి వచ్చే గొట్టం వెంట నడుస్తూ అతుకు అతుకు దగ్గరా వంగి చూసేవాడు. ఒక్కోసారి చెవి పెట్టేవాడు. అనుమానం ఉన్నచోట బంకమట్టి మెత్తమని నాకు చెప్పేవాడు. మట్టి మెత్తి, గొట్టం నిండా నీళ్ళు పోసి మళ్ళీ తిప్పితే భళ్ళున నీళ్ళు దూకేవి. "గాలి పీలుస్తోందమ్మా. గాలి రుచి మరిగితే నీళ్ళు తాగదు," అనేవాడు.

"మోటారు పోలేదండి. గాలి పీలుస్తోంది," అన్నాను మా ఆయనతో.

"ట్యాంకు నిండా నీళ్ళుంటే గాలెక్కడిది? ఎక్కడా చుక్క కారట్లేదుగా?"

"కారదండి. ట్యాంకు కిందుంది, మోటారు పైనుంది. మధ్యలో చిల్లి ఉంటే నీళ్ళు బయటికి రావు, గాలే లోపలికి పోతుంది."

ఆయన వంగి మళ్ళీ అరలోకి చూశారు. కాదనలేదు గానీ ఒప్పుకున్నట్టు కూడా లేరు. చూస్తే తెలుస్తుంది కదా అన్నాను. ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని మోటారు దగ్గర ఊడదీసి, వేరే గొట్టం ముక్క తగిలించి, దాని రెండో కొస బకెట్టు నీళ్ళలో పెడితే సరి. నీళ్ళొస్తే మోటారు మంచిదే, లోపం ట్యాంకు నుంచి నీళ్ళు వచ్చే దారిలో ఉన్నట్టు.

గొట్టం ముక్క మా దగ్గర లేదు. కాస్త దూరంలో పడవ ఇంజను విప్పుకుని కూర్చున్న ఒకాయన కనిపిస్తే వెళ్ళి అడిగాను. సముద్రం మీద వేటకు పోయే మనిషి. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. సంగతి విని, గొట్టంతో పాటు తనూ లేచి వచ్చాడు. బకెట్టుతో నీళ్ళు కూడా తనే తెచ్చాడు.

గొట్టం తగిలించి కుళాయి తిప్పాం. మోటారు ఒక్క క్షణం గిరగిరా తిరిగింది. తర్వాత దాని గొంతు బరువెక్కింది. కుళాయి రెండుసార్లు దగ్గి, ధారగా పోసింది. ముగ్గురం సింకు వైపే చూస్తూ నిలబడ్డాం.

"అక్క చెప్పిందే నిజం, బావగారూ," అన్నాడు పడవాయన.

ఇక వెతకాల్సింది నీళ్ళు వచ్చే దారిలోనే. ట్యాంకుకీ మోటారుకీ మధ్య, చెత్త పోకుండా జల్లెడ ఉన్న చిన్న గాజులాంటి గిన్నె ఒకటి ఉంది. పడవాయన దాన్ని చేత్తో తిప్పి చూస్తే కాస్త వదులుగా కదిలింది. ఊడదీశాడు. మూత కింద ఉండాల్సిన రబ్బరు రింగు ఒకపక్క మడత పడి, నలిగి, తెగి ఉంది.

మా ఆయన దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశారు. బయల్దేరే ముందు ఆ గిన్నె విప్పి కడిగి మళ్ళీ బిగించింది తనేనని చెప్పారు. రింగు సరిగా కూర్చుందో లేదో చూసుకోలేదట. రేపల్లె దాకా ఎలాగో పనిచేసి, రోడ్డు కుదుపులకు పూర్తిగా వదులైపోయింది. ఆ మాట ఎవరూ అడగలేదు. ఆయన చెప్పకపోయినా మాకు తెలిసేది కాదు. పరాయి మనిషి ముందు ఆయన అలా చెప్పడం నాకు నచ్చింది.

పడవాయన వెళ్ళి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చాడు. మూత కొలతకు గుండ్రంగా కత్తిరించి, గ్రీజు రాసి, గాడిలో కూర్చోబెట్టాడు. బిగించేటప్పుడు మా ఆయన చేతికిచ్చి, "మీరే బిగించండి. ఈసారి మర్చిపోరు," అన్నాడు. ఆయన నవ్వుతూ బిగించారు. ట్యాంకు గొట్టం యథాస్థానంలో పెట్టి కుళాయి తిప్పితే, గొట్టంలో ఉన్న గాలంతా బయటికి పోవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నీళ్ళు వచ్చాయి. కట్టేస్తే మోటారు ఠక్కున ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ వచ్చాయి. ఈసారి ఊరికే తిప్పి చూసింది మా ఆయనే.

అప్పుడు టీ పెట్టాను. బండి నీడలో చాప వేసుకుని ముగ్గురం తాగాం. మా ఆయన మా నాన్న ఇంజను గురించి అడగడం మొదలుపెట్టారు. ఎన్ని గుర్రాలది, గొట్టం ఎంత పొడవు, మట్టి ఎండి రాలిపోతే ఏం చేసేవాడు అని. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆ ఇంజను సంగతి ఆయన అడగనూలేదు, నేను చెప్పనూలేదు. చెబుతుంటే నేనే మర్చిపోయిన చాలా సంగతులు గుర్తొచ్చాయి. పడవాయన మధ్యలో తన ఇంజను కథలు కలిపాడు.

ఒక రోజుకని వెళ్ళినవాళ్ళం మూడు రోజులున్నాం. పడవాయన భార్య మర్నాడు చేపలు తెచ్చిచ్చింది. వాటిని కడగడం ఎలాగో దగ్గరుండి నేర్పింది. ఇద్దరం కలిసి పులుసు పెట్టాం. మా ఆయన తలుపు మెట్టు మీద కూర్చుని ఉల్లిపాయలు తరిగి ఇచ్చారు.