కొమురమ్మ పెద్దమ్మ అప్పజెప్పిన మందార

ఈ ఉదయం తలకు పెట్టుకుందామని మందారాకులు నూరుతుంటే జిగురు వేళ్లకు సాగింది. ఆ పచ్చి వాసనకు కొమురమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్స్‌లో మా పక్కిల్లు ఆమెది. ఎనభైల మొదట్లో, వైరా దగ్గరి రైతు కుటుంబం నుంచి నేనక్కడికి కొత్త కోడలిగా వెళ్లాను. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి నల్లబడే చోటది. ఆమె మాత్రం గుమ్మం ముందు ముద్దమందారను పెంచేది. పొద్దున్నే చెంబుతో నీళ్లు తెచ్చి, పిల్లల మొహాలు కడిగినట్టు ఒక్కో ఆకు మీది బొగ్గుధూళి కడిగేది. ఈమెకు వేరే పని లేదా అని కిటికీలోంచి చూసి నవ్వుకునేదాన్ని. అప్పట్లో నాకు పొగరు కాస్త ఎక్కువే.

ఒకసారి కూతురికి ఆపరేషన్ అయిందని నెల రోజులకు వెళ్తూ, చెట్టును నాకు అప్పజెప్పింది. రైతుబిడ్డను, నాకా చెప్పేది అనుకున్నాను. మా అమ్మ చిక్కుడు పాదుకు పొయ్యిలో బూడిద వేసేది. నేనూ మా బొగ్గుల పొయ్యి బూడిదను రోజూ వేడి ఆరకముందే తెచ్చి మందార మొదట్లో పోశాను. రెండు వారాలకు మొగ్గలు రాలాయి, ఆకులు అంచులు మాడి ముడుచుకుపోయాయి. ఆ వాడలో నన్ను నమ్మి ఒక పని అప్పగించిన మొదటి మనిషి ఆమె. ఇక నా మొహం చూడదేమోనని భయం.

తిరిగొచ్చిన రోజు, పురుగు పట్టిందని అబద్ధమాడాను. ఆమె చెట్టు మొదట్లో కూర్చుని వేళ్లతో మట్టి తవ్వింది. కాలిన బొగ్గుపెళ్లలు బయటపడ్డాయి. ఇక దాచలేక ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను.

"కట్టెల బూడిదైతే మంచిదే బిడ్డా, ఇది బొగ్గుది" అంది. "ఏడ్సుడు ఆపి కత్తి తే. నువ్వే కొయ్యి."

బూడిదంతా ఎత్తిపోయించి, మోకాలెత్తు మిగిల్చి కొమ్మలన్నీ నా చేతనే కోయించింది. రోజూ ఆమె లేవకముందే వెళ్లి ఆ మోడును చూసేదాన్ని. మూడో వారంలో కణుపు దగ్గర లేత చిగురు కనిపిస్తే పట్టలేని సంతోషంతో వెళ్లి ఆమె తలుపు కొట్టాను. వచ్చి చూసి, పోయి చాయ్ పెట్టమంది. అంతే.

మరుసటేడు ఆమె మళ్లీ కూతురి దగ్గరకు బయలుదేరింది. వాడలో మొక్కలు బాగా పెంచేవాళ్లు చాలామందే ఉన్నా, సంచి చంకన పెట్టుకుని మా గుమ్మంలోకే వచ్చింది. వద్దు పెద్దమ్మా, నాకు భయమన్నాను.

"ఏం జేస్తే సస్తదో నీకే ఎరుక" అంది. "ఇంకెవ్వలకు అప్పజెప్పాలె?"

తర్వాత చాలా ఏళ్లు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పాను. జాకెట్ గుడ్డ తప్పుగా కత్తిరించి బిక్కమొహం వేసిన పిల్లను నాలుగు తిట్టి, ఇంకో గుడ్డ పరిచి, కత్తెర మళ్లీ ఆ పిల్లకే ఇచ్చేదాన్ని. రెండోసారి ఎవరూ చెడగొట్టలేదని చెప్పను. చెడగొట్టారు. మూడోసారీ ఇచ్చాను.