స్వామి సేవకు రాసిన కూలి

నిరుడు మా కొత్తపేట అపార్ట్‌మెంట్‌లో వినాయకుడికి తొమ్మిది రోజులూ ప్రసాదం నేనే వండాను. ఇంట్లోనే నాలుగక్షరాలు నేర్చుకున్న నాకు ఆ భాగ్యం దక్కినందుకు పొంగిపోయాను. అవకాశమిచ్చిన ఉత్సవ కమిటీ రాధక్కకు దండం పెట్టాను. లెక్కలు చూసేదీ ఆవిడే.

నిమజ్జనమయ్యాక ఖర్చుల కాగితం లిఫ్ట్ దగ్గర అంటించారు.

"సండ్రీస్ అంటే ఏంది అంకుల్?" అని పక్కింటాయనను అడిగాను.

"చిల్లర ఖర్చులమ్మా. నీకిచ్చిన వంట కూలి నీ పేరుతోటి అండ్లనే రాసిన్రు."

"నేను కూలెప్పుడు తీసుకున్న?"

రాధక్క దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నవ్వింది. "జర అవసరముండి నేనే వాడుకున్ననే. ఎవరిదో ఒకరి పేరు రాయాలె గద! నీదేం పోయింది?"

నా సేవ పోయిందక్కా అని మనసులోనే అనుకుని ఇంటికొచ్చేశాను. స్వామికి నిజం తెలుసు, అదే చాలనుకుంటాను. అయినా లిఫ్ట్‌లో ఎవరైనా పలకరిస్తే ఇప్పటికీ తల దించుకుంటున్నాను.