ఫ్రాన్స్ లాయరమ్మ, మా బారు తాళంచెవి

మా ఊరి కోర్టులో నల్లకోటు వేసుకున్న మొదటి ఆడదాన్ని నేనే. ఇందులో గొప్పేమీ లేదు. నాకంటే ముందు ఎవరూ ఆ పొరపాటు చేయలేదు, అంతే. గుంటూరులో లా చదివి వచ్చిన కొత్తలో అందరూ నన్ను ఒకటే ప్రశ్న అడిగేవారు: బురఖా మీద కోటు వేస్తావా, కోటు మీద బురఖా వేస్తావా అని. మా ఎండల్లో ఏది పైన వేసినా లోపల ఉడికేది మనిషేనని చెప్పేదాన్ని.

కోర్టు వెనక ఒక గది ఉండేది. తలుపు మీద ‘లేడీస్’ అని బోర్డు, బోర్డు కింద తాళం. తాళంచెవి మా బార్ అసోసియేషన్‌లో పెద్దలాయరు గారి దగ్గర ఉండేది. ఎప్పుడడిగినా “ఇంట్లో మర్చిపోయానమ్మా” అనేవారు. అవసరమైతే నేను రోడ్డు దాటి జాకెట్లు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. రోజూ వెళ్లడానికి మొహం చెల్లక, కోర్టున్న రోజుల్లో పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేశాను. వాదనలు కూడా గబగబా ముగించేదాన్ని.

మహిళా దినోత్సవం దగ్గరపడ్డాక బారు ప్రెసిడెంటు గారు నన్ను పిలిచారు.

“మేడమ్, ఎవరైనా లేడీ లాయర్ గురించి రెండు ముక్కలు మాట్లాడండి. మనూరి గొడవలు మాత్రం వద్దండి. దూరంగా ఉండే మనిషైతే మంచిది.”

“ఎంత దూరం సార్?”

ఆయన కాస్త ఆలోచించి, “సముద్రం అవతల,” అన్నారు.

అలా నాకు ఫ్రాన్స్ దొరికింది. వందేళ్లకు పైబడిన కథ. ఆ దేశంలో లాయరు కావడానికి కొట్లాడిన మొదటి ఆడవాళ్లలో ఒకామె గురించి చదువుకుని, ఆ సాయంత్రం మా అమ్మకు చెప్పాను. అమ్మ వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నేనూ ఒక చేట ముందేసుకున్నాను.

“ఆమె లాలో డాక్టరేట్‌కి కూర్చుందమ్మా. ప్రశ్నలడిగే రోజు కుర్రాళ్లు హాల్లో దూరి గోల గోల చేశారు. ఆమె మాట వినపడలేదు. ఆపేసి, ఇంకో రోజు పెట్టాల్సొచ్చింది.”

“మళ్లీ వెళ్లిందా?”

“వెళ్లింది. పట్టా తెచ్చుకుంది. తీరా లాయరుగా ప్రమాణం చేస్తానని కోర్టుకెళితే కుదరదన్నారు. ఆడవాళ్లు లాయర్లు కావచ్చని చట్టంలో లేదన్నారు.”

“మగాళ్లు కావచ్చని ఉందా?”

నేను లా చదివిన ఇన్నేళ్లలో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. లేదన్నాను. అమ్మ ఒక తాలు కాయ తీసి అవతల పారేసింది.

“తర్వాత చట్టం మార్చారమ్మా. కానీ మొదట ప్రమాణం చేసింది వేరే ఆమె. ఈమె కొద్ది రోజులు ఆగి చేసింది.”

“అంత కొట్లాడి, ఆ రోజు ఈమె ఎక్కడికెళ్లిందే?”

“తెలియదు.”

“అది కూడా తెలియకుండా స్పీచ్ ఏమిస్తావే నువ్వు?”

సభ రోజు జడ్జి గారు ముఖ్య అతిథి. నేను మాట్లాడుతుంటే ముందు వరుస సమోసాలు తింటోంది, వెనక వరుస ఫోన్లు చూస్తోంది. ఆమె కోటు వేసుకున్నాక వాదించిన కేసుల్లో ఒకటి, ఆడవాళ్లు నడుం సన్నగా కనపడాలని బిగించుకునే లోదుస్తుల గురించి. అంతమంది పెద్దల ముందు ఆ మాట ఎలా అనాలో తోచక ‘నడుం పట్టీ’ అన్నాను.

“వెన్నునొప్పికా మేడమ్?” అని అడిగారు పెద్దలాయరు గారు, నిజంగానే తెలుసుకుందామని.

“అవునండి,” అన్నాను. ఆ ఫ్రెంచి తల్లి నన్ను క్షమించాలి.

చివర్లో జడ్జి గారు లేచి నన్ను మెచ్చుకున్నారు. “కోర్టులో కూడా మేడమ్ క్లుప్తంగా వాదిస్తారు. జూనియర్లు ఆమెను చూసి నేర్చుకోవాలి.”

నేను కూర్చున్నదాన్ని లేచి మైకు అందుకున్నాను. ఏం ధైర్యమో నాకు తెలియదు. ఆ రోజు దాహం మాత్రం బాగా వేస్తోంది.

“సార్, అది నేర్చుకోవాలంటే వాళ్లు కూడా పొద్దున్నుంచి నీళ్లు తాగకూడదండి. వెళ్లడానికి గది లేదు. ఉంది గానీ తాళం ఉంది.”

సమోసాలు ఆగాయి. ప్రెసిడెంటు గారు తల పట్టుకున్నారు. “ఫ్రాన్స్ గురించి చెప్పమంటే బాత్రూం దగ్గరికొచ్చారేంటి మేడమ్?”

జడ్జి గారు మాత్రం నవ్వలేదు. “తాళంచెవి ఎవరి దగ్గరుంది?” అని అడిగారు.

అందరూ పెద్దలాయరు గారి వైపు చూశారు. ఆయన జేబులన్నీ తడుముకున్నారు. ఎప్పుడూ ఇంట్లోనే ఉండే తాళంచెవి ఆ రోజు ఆయన మొలతాడుకే ఉంది.

సభ సభంతా వెనక్కి నడిచింది. తలుపు తీయగానే లోపల నేల నుంచి కప్పు దాకా మిరపకాయల టిక్కీలు, కుక్కి కుట్టిన గోనె బస్తాలు. గాలి లేని గదిలో ముక్కిన ఘాటు ఒక్కసారిగా బయటికొచ్చింది. జడ్జి గారు తుమ్మారు. ప్రెసిడెంటు గారు దగ్గుతూ గోడ పట్టుకున్నారు. మిగతావాళ్లం కళ్లు తుడుచుకుంటున్నాం.

“కోల్డ్ స్టోరేజీలో ఖాళీ లేదండి. రేటొచ్చేదాకా పెట్టుకుందామని…” అన్నారు పెద్దలాయరు గారు.

“లేడీస్ గదిలోనా?” అన్నారు జడ్జి గారు తుమ్ముల మధ్య.

మర్నాడే ట్రాక్టరొచ్చి బస్తాలు తీసుకెళ్లింది. తీరా చూస్తే గదిలో కుళాయే లేదు. దానికోసం ఇంకో వేసవి తిరిగాను, అర్జీల మీద అర్జీలు పెట్టాను. నీళ్లొచ్చిన రోజు తలుపేసుకుని, మొహం కడుక్కుని, ఎవరూ పిలవకుండా కాసేపు ఊరికే నిలబడ్డాను. ఏదో ఆస్తి కలిసొచ్చినట్టు అనిపించింది.

ఇంతకీ బస్తాల సంగతి చీరాల దాకా పాకింది. అక్కడ కాపురముంటున్న పెద్దలాయరు గారి చెల్లెలు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడవకముందే విషయంలోకి దిగింది.

“అమ్మాయ్, ఆ కాయలు ఏ చేలోవో తెలుసా? మా నాన్న చేలోవి. అందులో సగం నాది. ఇన్నేళ్లూ మా అన్నయ్య మీద కేసేసే లాయరు ఈ చుట్టుపక్కల దొరకలేదు.”

“నేనూ ఆయన పక్కనే కూర్చోవాలి కదండీ,” అన్నాను.

“కూర్చో. కేసేసి కూర్చో,” అంది.

వేశాను. వాయిదాలు నడిచినంత కాలం ఆయన నాతో మాట్లాడలేదు. కుర్చీ అటు తిప్పుకుని కూర్చునేవారు. ఈసారి నేను తొందరపడలేదు. సీసాతో నీళ్లు పక్కన పెట్టుకుని, తాగుతూ తాపీగా వాదించాను. మూడోసారి జడ్జి గారు గడియారం చూసుకున్నారు, నేను చూడనట్టే ఊరుకున్నాను. చివరికి పెద్దలాయరు గారే రాజీకి వచ్చారు. చేను సగం చెల్లెలికి రాసిచ్చి, సంతకం పెట్టి, పెన్ను నా ముందు పెట్టి వెళ్లిపోయారు.

ఈ ఏడు ఆమె అందులో మిరప మానేసి పత్తి వేసింది.