గెడ్డవతల ఖాళీ జాగా

మా బావగారి మీద నాకు పగ ఉంది. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు సిగ్గేమీ లేదు. పోనీలే, మరిచిపో అంటారు అందరూ. టీవీలో ప్రవచనాలు చెప్పేవాళ్ళు కూడా అదే అంటారు. వాళ్ళకేం, చెబుతారు. కడుపు కాలినదాన్ని నేను.

బావగారంటే మా ఆయన అన్నగారు. ఒకప్పుడు ఊరికి సర్పంచి. గోపాలపట్నం దాటి లోపలికి ఇంకాస్త దూరం పోతే మా ఊరు. ఇప్పుడది ఊరు కాదు, కార్పొరేషన్‌లో కలిపేశారు, సర్పంచి పదవీ పోయింది. పదవి పోయినా కుర్చీ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎక్కడ మీటింగు జరిగినా ముందు వరసలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఆయన కోసం ఆపి ఉంచుతారు. మేమందరం నేల మీద కూర్చుంటాం. నేనైతే కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆయన ఎదుట గొంతెత్తింది లేదు. ఆయన వీధిలో వస్తున్నాడంటే అరుగు మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మా ఇళ్ళలో కోడళ్ళ పద్ధతి అది.

ఇల్లు లేనివాళ్ళకి ఇళ్ళు కడతారని, రోడ్లూ కాలవలూ వేస్తారని ఊళ్ళో కబురు పుట్టింది. ఈసారి ప్లాను ఆఫీసులో కూర్చుని గీయరట, ఊరివాళ్ళే గీయాలట. అందుకోసం సిటీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. జీన్స్ ప్యాంటు, మెడలో ఐడీ కార్డు, ఎండకి కందిపోయిన మొహం. బడి ఆవరణలో మమ్మల్నందరినీ పోగుచేసి, "మీ ఊరు నాకంటే మీకే బాగా తెలుసు. ఊరంతా ఈ నేల మీద గీసి చూపించండి. ఇళ్ళు ఎక్కడ కట్టాలో తర్వాత అందరం కలిసి చూద్దాం" అంది. నాకు ఆ పిల్ల నచ్చింది. మమ్మల్ని అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

మగవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. నేల మీద గీయడం ఆడవాళ్ళ పని. మర్నాడు పొద్దున్నే తానాలు చేసి, ముగ్గుపిండి చిప్పలు పట్టుకుని వచ్చాం. ఆవరణ ఊడ్చి, కళ్ళాపి జల్లి, మొదలుపెట్టాం. మెయిన్ రోడ్డు, బడి, రేషన్ షాపు, వాటర్ ట్యాంకు, జీడితోటలు అన్నీ వేశాం. గెడ్డకి నీలం రంగు పోశాం. గెడ్డంటే మా వైపు వాగు. ఒకావిడ తన ఇల్లు మరీ వెడల్పుగా గీస్తుంటే పక్కావిడ పట్టుకుంది.

"ఏటే, మీ ఇల్లు బడికన్నా పెద్దగా గీసేత్తన్నావ్?"

"మరి నా మొగుడి పొట్ట సూసినావేటి? పట్టొద్దేటి అందులో?"

చిప్పలు కిందపెట్టి మరీ నవ్వుకున్నాం. పెళ్ళికి ముగ్గులు వేస్తున్నట్టే ఉంది ఆ పొద్దు.

ముగ్గంతా అయ్యాక గెడ్డకి అవతల ఒక పెద్ద ముక్క ఖాళీగా మిగిలింది. ఆ అమ్మాయి అక్కడికొచ్చి నిలబడి, "ఇక్కడేముందండీ?" అని అడిగింది.

"ఏటీ నేదమ్మా" అన్నాం నలుగురం ఒక్కసారే. నేనూ అన్నాను. పొద్దున్నే తానం చేసి ముగ్గు పట్టుకున్న చేత్తో ఆ మాట ఎవరంటారు? ముగ్గు శుభానికి వేస్తాం. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు పడదు. అలాంటిది, ముగ్గుతో శ్మశానం గీయడమా? మా ఊళ్ళో ఆ పేరే ఎత్తరు. గెడ్డవతల అంటారు, అంతే. అక్కడ గోడ లేదు, గేటు లేదు, సమాధులు కట్టే అలవాటు మాకు లేదు. గడ్డీ, తుప్పలూ, తాటిచెట్లూ. తెలియనివాళ్ళ కంటికి అది ఉత్త బయలు. మాకు తెలిసిందే లోకానికంతా తెలుసనుకున్నాం, అదీ మా తెలివి.

అమ్మాయికి అనుమానం తీరలేదు. కుర్చీలో ఉన్న మా బావగారి దగ్గరకెళ్ళి, "అది ఖాళీయేనా అండీ?" అని అడిగింది. ఆయన ముగ్గు వంక చూశాడు. మా వంక చూశాడు.

"ఖాళీ జాగాయే అమ్మా. గవర్మెంటుది" అన్నాడు.

చేతిలో చిప్పతో నేనక్కడే నిలబడిపోయాను. మేము నోరెత్తకపోవడం ఆచారం. ఆయనకేమొచ్చింది? అడిగింది ఆయన్ని, మగవాణ్ణి, మాజీ సర్పంచిని. ఆ ఖాళీలో నా కూతురుంది. దాన్ని అక్కడికి మోసుకెళ్ళింది ఆయనే. అది కాదని ఆ క్షణమే అరవాల్సింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, చిప్ప పట్టుకుని ఇంటికొచ్చేశాను.

నా గుంటకి, మా వైపు కూతుర్ని అలాగే అంటాం, అప్పటికి నడక రాలేదు. గోడ పట్టుకుని నిలబడి, చెయ్యి వదిలి, మళ్ళీ పట్టుకుని నవ్వేది. జ్వరమొచ్చింది, పోయింది. మా ఆయన లారీ డ్రైవరు. పోర్టులో లోడెత్తుకుని రాయపూర్ వైపు వెళ్ళాడు, కబురు చెబుదామంటే ఫోన్లు లేవు. ఆయన వచ్చేదాకా ఆపమని కాళ్ళావేళ్ళా పడ్డాను. పసిపిల్లని ఉంచకూడదన్నారు. బావగారు ఒక తువ్వాలులో చుట్టుకుని వర్షంలో తీసుకుపోయాడు. తోడు వెళ్ళిన ముసలాయన తర్వాత కొన్నాళ్ళకే పోయాడు. ఆడవాళ్ళు గెడ్డ దాటకూడదు కనక నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

ఆయన తిరిగొచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, టీ పెట్టమన్నాడు. నేను తలుపు చాటునుంచి మా తోటికోడల్ని అడిగాను.

"అక్కా, ఎక్కడ పెట్టినారో అడగవా?"

ఆయనకి వినబడింది. "అవన్నీ ఆడోలకెందుకు? పెట్టినాం, అయిపోనాది" అన్నాడు. ఆ తర్వాత టీ తాగాడు, చప్పుడు చేసుకుంటూ. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు. మా ఆయన వచ్చాక తన అన్నని అడిగితే "సెప్తాలే" అన్నాడట. ఎన్నిసార్లు అడిగించినా అదే మాట. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. "అన్నయ్యనేటి మళ్ళీ మళ్ళీ అడుగుతాం" అని ఊరుకున్నాడు. నేను మాత్రం ఊరుకోలేదు, లోపల దాచుకున్నాను.

ముగ్గు వేసిన తర్వాత కొన్నాళ్ళకి మా వార్డు సచివాలయం ముందు ఫ్లెక్సీ కట్టారు. ప్రజల భాగస్వామ్యంతో తయారైన ప్లాను అని పైన పెద్ద అక్షరాలు. గెడ్డవతల నిండా పసుపుపచ్చ గళ్ళు. కొత్త ఇళ్ళన్నీ అక్కడే. వాటి దగ్గరికి పోయే పెద్ద రోడ్డు మా బావగారి జీడితోటని ఆనుకుని వెళుతోంది. ఆ రోడ్డు పడితే తోట ప్లాట్లవుతుందని ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఆయన ఒక పుల్ల పట్టుకుని ఫ్లెక్సీ ముందు నిలబడి జనానికి వివరిస్తున్నాడు. వింటున్న మగవాళ్ళకీ అదేం జాగాయో తెలుసు, కానీ ఆయన మాటకి అడ్డు చెప్పే అలవాటు వాళ్ళకీ లేదు.

"మరెవులో గీసింది కాదు. మన ఆడోలే గీసినారు" అన్నాడు, నేను ఆ పక్కనుంచి పోతుంటే.

ఒళ్ళు మండిపోయింది. నా కూతురి మీదికి జేసీబీ రావడానికి నా చేత్తోనే ముగ్గు వేయించాడు. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, కలెక్టరాఫీసులో అర్జీ పెడదామన్నాడు. నేనొద్దన్నాను. అర్జీ పెడితే ఎవరో వస్తారు, బావగారి అరుగు మీద కూర్చుని టీ తాగి వెళతారు. మళ్ళీ టీ. ఆ జాగా ఖాళీ కాదని ఆయన నోటితోనే ఊరందరి ముందూ చెప్పించాలి. అప్పటిదాకా నాకు ముద్ద దిగదు.

నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలన్నీ నా దగ్గరే ఉంటాయి. టేపు మెళ్ళో వేసుకుని ఇంటింటికీ తిరిగాను. చంక కొలత తీస్తూ ఒకరి చెవిలో, మెడ కొలత తీస్తూ ఇంకొకరి చెవిలో విషయం వేశాను. ఎవరి మనుషులు వాళ్ళకి గుర్తొచ్చారు. ఒకావిడ తల్లి, ఒకావిడ పురిటిబిడ్డ, ఒకావిడ మొగుడు, అందరూ గెడ్డవతలే. "నువ్వెలాగంటే అలాగే" అన్నారు. రెండో మీటింగుదాకా ఎవరూ నోరు మెదపకూడదని ఒట్టు వేయించుకున్నాను.

రెండో మీటింగులో మళ్ళీ ముగ్గు వేయాలని, ఇల్లు కావలసిన వాళ్ళు తమకి నచ్చిన చోట ఒక బంతిపువ్వు పెట్టాలని ఆ అమ్మాయి ముందే చెప్పింది. ఇల్లు కావాలన్నవాళ్ళ జాబితాలో మా బావగారి చిన్నకొడుకు కూడా ఉన్నాడు. వచ్చిన ఇల్లు అద్దెకిచ్చుకోవచ్చని ఆయన ఆలోచన. అక్కడ కాపురముండేది ఎవరో లేనివాళ్ళు, తనవాళ్ళు కాదు. ఆ కొడుక్కి కొత్తగా పెళ్ళయింది. కోడలు విజయనగరం అవతలి పిల్ల, కడుపుతో ఉంది. మా ఊళ్ళో గెడ్డవతల అంటే ఏమిటో దానికింకా తెలియదు.

మా ఊళ్ళో ఏది మొదలుపెట్టినా పెద్దింటివాళ్ళదే మొదటి చెయ్యి. మొదటి అరకా వాళ్ళదే, విందులో మొదటి విస్తరీ వాళ్ళదే. ఆయనకి ఎంతో ఇష్టమైన ఆ మర్యాదతోనే ఆయన్ని కొట్టాలనుకున్నాను.

ఆ రోజు ముగ్గు వేశాక అందరూ పువ్వులు పట్టుకుని కూర్చున్నారు, ఒక్కరూ లేవలేదు. "ఎవరు మొదలుపెడతారు?" అంది అమ్మాయి. నేను లేచి నిలబడ్డాను.

"మొదటి పువ్వు మా బావగారింటిదే పడాల. కొత్త కోడలు పెడతాది" అన్నాను.

ఆయన తల తిప్పి చూశాడు. ఆ గొంతు ఎవరిదో ఆయనకి వెంటనే తెలియలేదనుకుంటాను, ఎప్పుడు విన్నాడు గనక. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. కోడలు పిల్ల సిగ్గుపడుతూ లేచి, పువ్వు పట్టుకుని ముగ్గులో గెడ్డ దాటి ఆ ఖాళీ అంచుకి వచ్చింది.

"ఏ మూల పెట్టమంటారు మామయ్యా?"

"ఇప్పుడొద్దులే అమ్మా. తరవాత పెడుదువు" అన్నాడు.

"పర్లేదండీ, పెట్టనివ్వండి" అంది ప్లాను అమ్మాయి, సంబరంగా.

"పెట్టమనండి బావగారూ" అన్నాను నేను. "ఖాళీ జాగాయే కదేటి."

ఆయన తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కదిలాడు. మా తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాపం, ఆ కోడలు పిల్లని మధ్యలోకి లాగడం మంచిపనేమీ కాదు. అది ముగ్గే, మట్టి కాదు అని నాకు నేను చెప్పుకుని, ఆ మాటతోనే సరిపెట్టుకున్నాను. పిల్ల వంగింది. పువ్వు ఇంకా నేలకి తగల్లేదు.

"ఆగమ్మా" అన్నాడాయన.

"ఎందుకండీ?" అంది ప్లాను అమ్మాయి.

"అది గెడ్డవతల."

"అంటే?"

ఆయన మా అందరి వంకా చూశాడు. ఒక్కరైనా సాయం వస్తారనుకున్నాడేమో. ఎవరూ రాలేదు.

"స్మశానం" అన్నాడు చివరికి.

కోడలు పిల్ల చేతిలోంచి పువ్వు జారి, గెడ్డ నీలం మీద పడింది. తోటికోడలు వచ్చి ఆ పిల్లని వెనక్కి లాక్కుపోయింది. ప్లాను అమ్మాయి తెల్లబోయి, చేతిలో కాగితం చూసుకుంటోంది. అక్కడితో నేను కూర్చోవచ్చు. నాకు కావలసిన మాట ఆయన నోటినుంచి వచ్చింది. కానీ పామును సగం కొట్టి వదలకూడదంటారు.

ముగ్గు చిప్ప తీసుకెళ్ళి ఆయన ముందు పట్టాను.

"మరైతే నా గుంటని ఎక్కడ పెట్టినారో ఇందులో సూపించండి. ఆడోలకెందుకని ఈపాలి అనకండి. నాను అడుగుతన్నాను."

జనమంతా చూస్తున్నారు. ఆయన లేచాడు. మోకాళ్ళ నొప్పితో ముక్కుతూ వంగి, చిటికెడు పిండి తీసుకున్నాడు. ఆయన చెయ్యి ఆ ఖాళీ మీద ఆగింది. కాస్త ఇటు జరిగింది, కాస్త అటు జరిగింది. పిండి వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది.

"వోన పడతంది ఆ రోజు" అన్నాడు. "తాటిసెట్టు కాడో, గట్టు కాడో. గురుతు నేదమ్మా."

అన్నిటికీ సిద్ధపడి వెళ్ళాను. కోప్పడతాడనుకున్నాను, బుకాయిస్తాడనుకున్నాను. ఇది మాత్రం అనుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ చోటు గుర్తు ఆయన దగ్గర ఉంది, ఇవ్వడం లేదు అనుకుని పళ్ళు కొరుక్కున్నాను. ఆయన దగ్గర లేనే లేదు. అబద్ధమాడినా బాగుండేది. ఎక్కడో ఒకచోట వేలు పెడితే నమ్మేసి, అక్కడే ఏడ్చుకునేదాన్ని.

చిప్ప తీసుకుని వంగాను. వెనక ఎవరో "వొద్దే, ముగ్గుతో వొద్దే" అంటున్నారు. గెడ్డ గట్టు దగ్గర మొదలుపెట్టి, తాటిచెట్ల వరస చుట్టి, తుప్పల అవతలనుంచి తిప్పి, ఆ ఖాళీ మొత్తం చుట్టూ గీత వేసి మళ్ళీ గట్టు దగ్గర కలిపాను. గీత ఎక్కడా తెగనివ్వలేదు.

"ఎక్కడో మీకు తెలీనప్పుడు, అంతా నా గుంటదే" అన్నాను. "రాసుకోమ్మా."

ఆ అమ్మాయి రాసుకుంది. తర్వాత ప్లాను మారింది. ఇళ్ళ గళ్ళు వాటర్ ట్యాంకు వైపుకి జరిగాయి. తోట పక్క రోడ్డు పోయింది. ఇళ్ళు ఇంకా లేవలేదు, ఆఫీసుల సంగతి తెలిసిందే. గెడ్డవతల మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఇప్పుడు నేను వీధిలో వస్తుంటే బావగారే అరుగు మీంచి లేచి లోపలికి పోతున్నాడు. నేను నడక తగ్గించి, నింపాదిగా పోతాను. హాయిగా ఉంటుంది, దాచడం దేనికి. "ఇంకా ఎన్నాళ్ళే, ఒగ్గేయ్" అంటాడు మా ఆయన. ఆయనకి అన్నం పెడతాను.

గెడ్డ కూడా దాటుతున్నాను. మొదట్లో నోళ్ళు నొక్కుకున్నారు, ఇప్పుడు ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తోడొస్తున్నారు. అక్కడ ఎటు చూసి నిలబడాలో నాకు తెలియదు కనక ఒకసారి చుట్టూ తిరిగి వచ్చేస్తాను. బావగారికి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదట. ఏదో ఒకరోజు ఆయన్నీ గెడ్డ దాటించి అక్కడికే తేవాలి. నా కూతురి జాగాలో ఆయనకి చోటివ్వాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.