కాటా మీద ఇద్దరు

కాటా అన్నకి ఉన్నది ఒకటే జబ్బు. మనిషి కంటపడగానే బరువు చెప్పేస్తాడు. పలకరింపులు, కుశల ప్రశ్నలు ఆ తరవాత, ముందు బరువు. "డెబ్బై మూడు. ఏమండీ, బాగున్నారా?" అంటాడు. గొణిగే అలవాటు కూడా లేదు. ఇరవై రెండేళ్లు లారీ ఇంజన్ల చప్పుడు మీద పైచేయి సాధించిన గొంతు అది, వీధి చివర ఉన్నవాడు కూడా మీ బరువు విని తల తిప్పి చూస్తాడు. అరకిలో తేడా వస్తే చెవి కోసి ఇస్తానని పందెం. రెండు చెవులూ ఇవాళ్టికీ ఉన్న చోటే ఉన్నాయి.

ఉద్యోగం అలాంటిది మరి. ఊరు దాటి గోదాముల వరస మొదలయ్యే చోట లారీల కాటా ఉంది. నేలకి సమంగా పరిచిన పెద్ద ఇనప పలక, దాని పక్కన ఒక గది, గదికి ఒక కిటికీ, కిటికీ నిండా కాటా అన్న. లారీ వచ్చి పలక మీద ఆగుతుంది, గోడ మీద ఎర్ర అంకెలు వెలుగుతాయి, ఆయన చీటీ చింపి ఇస్తాడు. అంకెలు వెలిగేలోపే నోటితో చెప్పేస్తాడు. ఒకసారి పది టన్నుల లోడు వస్తే, "ఇందులో మూడు కిలోలు ఎక్కువున్నాయే" అన్నాట్ట. వెతికితే డ్రైవరు సీటు కింద పిల్లి. చదువుకున్నవాళ్లు ఇది నమ్మరు. నమ్మకపోతే నష్టం వాళ్లకే. పిల్లి ఇప్పటికీ పక్కన టీకొట్టులో ఉంది, అడగొచ్చు.

లారీలు ఏమీ అనుకోవు గాని మనుషులు అనుకుంటారు. ఒక పెళ్లిలో పెళ్లికూతుర్ని చూసి ఆశీర్వదించబోయి ఒక అంకె అన్నాడు. ఆ తరవాత ఆయన్ని పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. అంతకుముందెప్పుడో ఆయనకి ఇష్టమైన అమ్మాయి కొత్త బట్టలు కట్టుకుని వచ్చి, "ఎలా ఉన్నాను?" అని అడిగింది. "అరవై నాలుగున్నర" అన్నాడు. అక్కడితో ఆ కథ అయిపోయింది. కాటా గది వెనకే ఇంకో గదిలో ఉంటాడు. అందులో కుర్చీ ఒకటే. రెండోది కొనాల్సిన అవసరం రాలేదు.

ఇంతమందికి చెప్పిన మనిషి ఒక్కడికి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కడు పెయింటరు.

పెయింటరు షెడ్డు అదే రోడ్డు మీద నాలుగు వందల మీటర్ల దూరంలో ఉంది. లారీలకి నంబర్లు, దుకాణాలకి బోర్డులు రాస్తాడు. నలభైకి ఏడాది తక్కువ. పెళ్లి లేదు, అక్కే ఇల్లు. ఆవిడ షెడ్డు గుమ్మంలో స్టూలు వేసుకుని రంగులు కలుపుతూ, తమ్ముడు రాసిన ప్రతి అంకెకీ వంక పెట్టేది. "ఆ ఎనిమిదికి పొట్ట ఎక్కువైందిరా" అనేది. ఆవిడ పోయి అయిదు నెలలు. ఇప్పుడు స్టూలు మీద రంగు డబ్బాలున్నాయి. అలమరలో రెండు గ్లాసుల్లో ఒకటి బోర్లించే ఉంది. ఇరుగుపొరుగు డబ్బాల్లో తిండి పంపితే మూత తియ్యకుండా తిప్పి పంపేవాడు. పొద్దున ఒక బన్ను, టీ. సాయంత్రం గుర్తుంటే ఇంకో బన్ను. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు కొట్టుకుంటూ పోయాడు, చివరికి బెల్టు తోక నడుం చుట్టూ రెండోసారి తిరిగి రావడం మొదలుపెట్టింది.

పొద్దున్నే కాటా పక్కన టీకొట్టుకి వెళ్లేవాడు. అక్కడ అందరికీ అంకెలు పంచుతుండేవాడు కాటా అన్న. డ్రైవరుకి డెబ్బై ఎనిమిది, టీకొట్టాయనకి అరవై ఆరు, పిల్లికి నాలుగుంపావు. పెయింటరు రాగానే మాత్రం "ఏం పెయింటరూ" అని కిటికీలోకి తల తిప్పుకునేవాడు. పెయింటరుకి అది ముల్లులా గుచ్చుకునేది. పిల్లి పాటి లెక్కలోకి కూడా రానా నేను అనుకునేవాడు. అనుకుని, బన్ను సగం పిల్లికే పెట్టి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు పొద్దున షెడ్డులో రంగు డబ్బాలు వాటంతటవే గలగలలాడాయి. ఏమిటా అని పెయింటరు బయటికి వచ్చి చూస్తే కాటా అన్న పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. పరుగంటే అది ఆయన అభిప్రాయం. వెంటపడదామని వచ్చిన వీధికుక్క కాసేపటికి విసుగుపుట్టి ముందు నడిచింది, మధ్యమధ్య ఆగి ఆయన కోసం ఎదురుచూసింది కూడా. ప్రతి కరెంటు స్తంభాన్నీ కౌగిలించుకుని, దానికేదో చెప్పుకుని, ఇంకోదాని దగ్గరికి బయల్దేరుతున్నాడు. కాళ్లకి తళతళలాడే కొత్త బూట్లు.

"ఏమైందన్నా, ఎవరైనా తరుముతున్నారా?"

"ఎవరూ... లేరు. పరుగు."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ... కాదు. బరువు. డాక్టరు చెప్పాడు. వందకి దిగకపోతే..." అని మాట పూర్తి చెయ్యకుండా వేలు ఆకాశం వైపు చూపించాడు.

"ఇప్పుడెంత?"

"నూట పన్నెండు" అన్నాడు కాటా అన్న. జీవితంలో మొదటిసారి ఒక బరువు మెల్లిగా చెప్పాడు.

అని, స్టూలు మీద డబ్బాలు దించి కింద పెట్టి, కూర్చున్నాడు. అక్క స్టూలు. పెయింటరు వద్దందామనుకున్నాడు గాని, అప్పటికే స్టూలు కుయ్యిమంది, ఆయన భుజానికున్న సంచిలోంచి డబ్బా బయటికి వచ్చింది. నాలుగు రొట్టెలు, కూర, రెండు ఉడికించిన గుడ్లు.

"సగమే తినాలన్నాడు డాక్టరు. మిగతా సగం కళ్లముందుంటే నేనాగను. నువ్వు తినేయ్."

"నాకు ఆకలి లేదన్నా."

"నీ ఆకలి సంగతి ఎవడడిగాడు? నా ప్రాణం సంగతి చూడు."

పెయింటరు చూశాడు. మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు, ముఖం కందగడ్డలా ఉంది. ఈయన నా షెడ్డులోనే పోతే ఎలా అనిపించింది. రెండు రొట్టెలు, ఒక గుడ్డు తిన్నాడు. కాటా అన్న వెళ్తూ వెళ్తూ ఎండుతున్న నంబరు ప్లేటు కేసి చూసి, "ఆ ఎనిమిది బాగా చిక్కిపోయింది" అన్నాడు. పెయింటరు ఉలిక్కిపడ్డాడు. అయిదు నెలల్లో తన అంకెకి వంక పెట్టిన మొదటి మనిషి.

మర్నాడు సాక్షి కావాలని పెయింటర్ని కాటా దగ్గరికి లాక్కుపోయాడు. "నేను తూగుతుంటే అంకె చూసి చెప్పేవాడు ఉండాలి కదా." ఆయన పలక మధ్యలో నిలబడ్డాడు. గోడ మీద ఎర్రగా నూట అరవై వెలిగింది.

"అన్నా, నువ్వు డాక్టర్ని కూడా మోసం చేశావు" అన్నాడు పెయింటరు.

"అందులో నువ్వూ ఉన్నావు. పలక మీంచి దిగు."

పెయింటరు దిగాడు. నూట పది.

"పన్నెండన్నావుగా?"

"దీనికి పదులే వచ్చు. లారీల యంత్రం కదా, మనలాంటి చిల్లర బరువులు దీనికి ఆనవు."

అదే చిక్కొచ్చి పడింది. ఆయన రోజూ పరిగెత్తడం, వారానికోసారి పలక ఎక్కడం, యంత్రం నూట పది అనడం. మూడు వారాలకి ఆరు స్తంభాలు ఆగకుండా దాటాడు, అయినా నూట పదే. లారీవాళ్లు హారన్లు కొట్టి, "పక్కకి జరుగు కాటా అన్నా, ఓవర్‌లోడు" అని అరిచేవాళ్లు. ఆయన ఆయాసపడుతూనే, "నువ్వు ఎనభై ఒకటి" అని తిరిగి అరిచేవాడు. ఒకసారి ఆయన తుమ్మితే పలక మీద ముప్పై కిలోలు అదనంగా చూపించిందని చెప్పుకుంటారు. నేనైతే నలభై అని విన్నాను.

పెయింటరుకి మాత్రం పెద్ద పనే పడింది. తను నిద్ర లేవకపోతే ఆయన ఏ స్తంభం దగ్గర పడిపోతాడో అని తెల్లవారగానే గుమ్మంలో నిలబడేవాడు. తరవాత ఎదురెళ్లేవాడు. ఆయన పరుగు పక్కన తన మామూలు నడక సరిపోయేది. రెండో నెలకి నడక చాలలేదు, పరిగెత్తాల్సి వచ్చింది. స్టూలు మీదికి డబ్బాలు మళ్లీ ఎక్కలేదు. బోర్లించిన గ్లాసు తిరిగి నీళ్లకి వచ్చింది.

"సగమన్నాడు కదా డాక్టరు, మూడో రొట్టె మీద చెయ్యేమిటి?"

"చూస్తున్నానంతే."

"చూడొద్దు" అని పెయింటరు ఆ రొట్టె కూడా తినేసేవాడు. ఆయన వాటా తగ్గించడానికి రానురాను మూడొంతులు తనే తిన్నాడు. ఒక మనిషి ప్రాణం నిలబెట్టడం మాటలు కాదని టీకొట్టాయనతో చెప్పుకున్నాడు. బెల్టు కొత్త బెజ్జాలు ఒక్కొక్కటీ పనిలేకుండా పోయినా, అంత బరువైన బాధ్యత మీదుండగా బెల్టు కేసి చూసే తీరిక ఎక్కడిది?

ఆరో నెలలో ఒక పొద్దున కాటా అన్న రాలేదు.

పెయింటరు గుమ్మంలో నిలబడ్డాడు. కుక్క వచ్చింది, వెనక్కి చూసింది, కూర్చుంది. గోదాముల తలుపులు తెరుచుకున్నాయి. రోడ్డు చివరిదాకా ఖాళీ. అక్క పోయిన రోజు కూడా పొద్దున ఇలాగే, అన్నీ ఉన్నచోటే ఉండి, పిలిస్తే పలికే మనిషి లేకుండా ఉంది. పెయింటరు చేతిలో కుంచె ఉన్న సంగతి కూడా మరిచిపోయి పరిగెత్తాడు. నాలుగు వందల మీటర్లు, ఎక్కడా ఆగలేదు. కుక్క వెనకబడిపోయింది.

కాటా అన్న గదిలో మంచం మీద ఉన్నాడు. కుడి మోకాలు గుమ్మడికాయంత ఉంది.

"నిన్న గుంటలో కాలు పడింది. అంతే" అన్నాడు. "ఆ కుంచె ఎవరికి పులమడానికి తెచ్చావు?"

పెయింటరుకి ఊపిరి అందడానికి కాసేపు పట్టింది. "డాక్టర్ని పిలుస్తాను. నంబరు ఎక్కడ రాశావు?"

"ఏ డాక్టరు?"

"నీ డాక్టరే. వంద అన్నాయన."

కాటా అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నంబరు క్యాలెండరు మీద ఉంటుందేమోనని పెయింటరు చూశాడు. ఫోను నంబరు లేదు గాని ప్రతి వారం ఒక తేదీ కింద పెన్సిలుతో ఒక అంకె ఉంది. పేజీలు వెనక్కి తిప్పాడు. అక్క పోయిన నెలతో మొదలైంది. యాభై ఎనిమిది. యాభై ఏడున్నర. యాభై ఏడు. అలా దిగుతూ దిగుతూ నలభై తొమ్మిది దగ్గర పెన్సిలు ములుకు కాగితాన్ని చించింది. ఆ పక్క తేదీ కింద "బూట్లు" అని రాసి ఉంది. అక్కణ్ణించి అంకె మెల్లిగా ఎక్కడం మొదలెట్టింది.

"ఇవెవరి బరువులన్నా?"

"లారీలవి."

"యాభై ఎనిమిది కిలోల లారీ ఎక్కడుంది?"

కాటా అన్న దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"అందరికీ అరిచి చెప్తావు. నాకొక్కడికి ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదురా" అన్నాడు కాటా అన్న గోడతోనే. "రోజూ పొద్దున్నే వచ్చి నా కిటికీ ముందు టీ తాగుతావు. వారం వారం అరకిలో తక్కువొస్తావు. ఆ అంకె పైకి ఎలా అనమంటావు?"

"తిండి తెచ్చి పెడితే సరిపోయేదిగా. ఈ పరుగులెందుకు?"

"ఎదురింటివాళ్లు తెచ్చారు. టీకొట్టాయన తెచ్చాడు. తిన్నావా?"

పెయింటరు గోడకి జారగిలపడ్డాడు. కుంచె గోడకి తగిలి ఎర్రటి గీత పడింది.

"మరి డాక్టరు?" అన్నాడు పెయింటరు.

"డాక్టర్ల దగ్గరికి నేను వెళ్లను. వాళ్లు మొహం మీదే మన బరువు చెప్పేస్తారు."

పెయింటరుకి నవ్వొచ్చింది. ఎక్కడో తుప్పు పట్టిన షట్టరు పైకి లేచినట్టు, గరగరమంటూ వచ్చింది. ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మర్నాడు షెడ్డులోంచి ఇంకో స్టూలు తెచ్చి పడేశాడు. మోకాలి వాపు దిగేదాకా పది రోజులు డబ్బా మోసే పని పెయింటరుది. సగమే తినాలనే రూలు మాత్రం ఆయన ఎంత బతిమాలినా ఎత్తెయ్యలేదు.

పదకొండో రోజు ఇద్దరూ పలక మీద నిలబడ్డారు. గోడ మీద ఎర్రగా నూట అరవై వెలిగింది.

పెయింటరు నోరు తెరిచాడు. "మొదటి రోజూ ఇదేగా? ఆర్నెల్లు పరిగెత్తి, మోకాలు విరగ్గొట్టుకుని, ఒక్క కిలో కూడా తగ్గలేదా మనం?"

"తగ్గడమెందుకు? లోడు మార్చాం" అన్నాడు కాటా అన్న. "ఒక బండి లోంచి ఇంకో బండి లోకి. ఆ మాత్రం పనికి ఆర్నెల్లు పట్టదా?"

"అయితే నాదెంతో చెప్పు. అందరికీ చెప్పినట్టు చెప్పు."

కాటా అన్న పెయింటర్ని కింది నుంచి పై దాకా చూశాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

"అరవై!"

టీకొట్టాయన తలెత్తాడు. పిల్లి బల్ల కిందికి దూరింది. గోదాముల దగ్గర ఎవరో లారీ దించుతున్నవాళ్లు ఆగి ఇటు తిరిగారు. పెయింటరు వాళ్లందరికేసీ, ఏదో బహుమతి పుచ్చుకున్నవాడిలా చూశాడు.

"నాది నూట ఒకటి" అన్నాడు కాటా అన్న గొంతు తగ్గించి. "ఇంకొక్క కిలో నువ్వు తీసుకోవా తమ్ముడూ, నేను వందకి దిగుతాను."

"చూద్దాం. ముందు పరిగెత్తు" అన్నాడు పెయింటరు.